సున్నం చల్లిన కుప్పలు

శాసనసభ లెక్కల కమిటీ మా రోడ్డు చూడటానికి వస్తోందని కబురు వచ్చిన నాటి నుంచీ మా ఇంట్లో ఎవరికీ ముద్ద దిగలేదు.

మా రోడ్డు అంటే మా తాతలిచ్చిన ఆస్తి కాదు లెండి. వానలు మొహం చాటేసి, జొన్నలు కూడా పండక, జనం గంజికి అల్లాడిన ఏళ్లవి. కరువు పని కింద ఓర్వకల్లు గుట్టల నుంచి మా ఎర్రబండ ఊరి దాకా సర్కారు ఒక రోడ్డు మొదలుపెట్టింది. ఊళ్లో ఆడవాళ్లు ఎండలో కూర్చుని గుట్టరాయిని కొట్టి, కంకర చేసి, రోడ్డు పక్కన కుప్పలు పోస్తారు. కుప్ప కొలిచి కూలి ఇస్తారు. ఆ కొలిచే మనిషి నా మొగుడు దావీదురాజు. వర్క్ ఇన్‌స్పెక్టరు అంటారు. పేరే పెద్దది. నెలనెలా పై నుంచి కాగితం వస్తే ఉద్యోగం ఉన్నట్టు, రాకపోతే లేనట్టు. నేను మా పేటలో మిషన్ బడి టీచరును. నా పేరు జ్ఞానమణి, ఇద్దరు పిల్లల తల్లిని. నాకు నోరెక్కువని ఊరంతా అంటారు. ఎక్కువే, ఏం చేయమంటారు?

కర్నూలు రాజధాని అయి అప్పటికి ఏడాది కూడా నిండలేదు. కచేరీలన్నీ డేరాల్లోనే. ఆ డేరాల్లోనే ఈ కమిటీ కూడా కూర్చునేది. సభ ఏ శాఖకు ఎంత డబ్బు మంజూరు చేసింది, ఆ శాఖ దాన్ని దేనికి ఖర్చుపెట్టింది అని సభ తరఫున నిలదీసే సభ్యులు వాళ్లు. నిలదీయాల్సిందే. జనం సొమ్ము కదా. కానీ నిలదీస్తే ఏమవుతుందో మేము అంతకుముందే విని ఉన్నాం. వేరే తాలూకాలో ఒకే కంకర కుప్పను రెండుసార్లు కొలిచినట్టు రాసి, రెండుసార్లు బిల్లు తిన్నారని కమిటీ పట్టుకుంది. పెద్ద ఇంజనీరును పిలిచి అడిగితే ఆయన, "అది కిందివాడి పని" అన్నాడట. ఆ ఒక్క మాటతో ఆయన బయటపడ్డాడు. ఆ కిందివాడు మా ఆయనలాంటి వర్క్ ఇన్‌స్పెక్టరే. అతని చేతులకు బేడీలు వేసి సంతలోంచి నడిపించుకుపోయారు. అతని పెళ్లాం పోలీసుల వెనకాల ఏడుస్తూ పరుగెత్తిందని చర్చిలో చెప్పుకున్నారు. నేను ఆమెను ఎన్నడూ చూడలేదు. కానీ కళ్లు మూసుకుంటే ఆమే కనపడేది. దగ్గరికి వస్తే ఆ ముఖం నాదే.

దొంగతనం చేయని మనిషికి భయమెందుకని మీరు అడగవచ్చు. అడిగేవాళ్లకేం, ఎన్నైనా అడుగుతారు.

కమిటీ వచ్చే ముందురోజు సాయంత్రం ఆయన ఓర్వకల్లుకు బయలుదేరాడు. పొద్దున్నే అక్కడ కమిటీ జీపు ఎక్కి, వాళ్లకు దారి చూపించి తీసుకురావాలి.

"జ్ఞానమణీ, తెల్ల చొక్కా ఉతికినావా?"

"ఉతికి నీ ఒంటి మీదే వేసినా. చూసుకో."

ఆయన చొక్కా వంక చూసుకుని, "వాళ్లు ఏమన్నా అడిగితే నాకు నోరు పెగలదేమో" అన్నాడు.

"ఉన్నదున్నట్టు చెప్పు. నువ్వేమన్నా తిన్నావా?"

"తినకున్నా భయం భయమే గదా" అని సైకిలెక్కాడు. నేను మాత్రం ధైర్యంగా ఉన్నానా? ఆయన మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికొచ్చి మోకరించి ప్రార్థన చేద్దామంటే మాటలు రాలేదు.

తెల్లవారాక బడికి సెలవు చెప్పి రోడ్డు మీదికి పోయాను. పోయి చూశాను కదా, నడిరోడ్డు మీదే ఆగిపోయాను.

ఎందుకో చెప్పాలంటే ముందు పద్ధతి చెప్పాలి. కుప్ప కొలవడం అయిపోయి, కూలి చేతిలో పెట్టగానే, ఆ కుప్ప మీద సున్నపు నీళ్లు చల్లుతారు. సున్నం పడిందంటే ఆ కుప్ప లెక్క తీరిపోయిందని గుర్తు. దాన్ని ఇంక ఎవరూ మళ్లీ కొలవకూడదు. దొంగ బిల్లులు అరికట్టడానికే ఆ ఏర్పాటు. సున్నం లేని కుప్ప అంటే కూలి ఇంకా ఇవ్వలేదన్నమాట. ముందురోజు దాకా మా రోడ్డు మీద సగం కుప్పలకే సున్నం ఉంది. మిగతా సగం ఇంకా కొలవలేదు.

ఇప్పుడు రోడ్డు పొడవునా సున్నం పడని కుప్ప ఒక్కటి లేదు. ఊరి మొదటి నుంచి గుట్ట దాకా అన్నీ తెల్లగా మెరుస్తున్నాయి. కొలిచినవేవో కొలవనివేవో దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

పక్కనే రాళ్లు కొట్టే ఆడవాళ్లు సున్నపు చట్టులు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. వాళ్లకు పెద్దదిక్కు గురమ్మ. మోచేతుల దాకా సున్నం పూసుకుని ఎదురొచ్చింది.

"చూడు టీచరమ్మా, ఎంత కళగా ఉండాదో! పెండ్లిల్లు మాదిరి లేదూ?"

"ఎవరు చేయమన్నారే మిమ్మల్ని?" అన్నాను.

"మునసబప్ప సున్నం ఇప్పించినాడు. కర్నూలు నుంచి దొరలు వస్తాండారు, దోవ పొడుగునా రాళ్లకూ మానులకూ తెల్లగా కొట్టండి అన్యాడు. మాను యాడుండాది ఈడ? కుప్పలుండాయి. సగం కొట్టి సగం ఇడిస్తే బాగుంటదా?"

"సున్నం అంటే ఏమో నీకు తెలీదా గురమ్మా?"

"తెలీకేమి? సున్నం పడిన నాడే గదా మాకు దుడ్లు వచ్చేది. అందుకే ముందుగాల సున్నం పడితే, దొరలు చూసి దుడ్లు బిన్నా, ఈ పొద్దే ఇప్పిస్తారని అనుకుంటిమి" అంది గురమ్మ.

ఎంత అమాయకంగా అందో! తిట్టడానికి నోరు తెరిచి కూడా తిట్టలేకపోయాను. మూడు వారాలకోసారి కొలతలు, కొలతల తర్వాత సున్నం, సున్నంతో పాటు కూలి. వాళ్లు చూసింది అదే. వానకు ముందు గాలి వచ్చినట్టు, కూలికి ముందు సున్నం రావాలనుకున్నారు.

నేను ఆమె రెండు భుజాలూ పట్టుకుని చెప్పాను. "వాళ్లు వచ్చి ఈ కుప్పలకు కూలి ముట్టిందా అని అడుగుతారు. సగానికి ముట్టలేదని మీరు చెప్తారు. సున్నం ఉండి కూలి లేకపోతే ఆ డబ్బు ఎవరు తిన్నట్టు? మా ఆయన తిన్నట్టు. వాళ్లు వెతుక్కుంటా వచ్చేది ఇట్లాంటి దానికే గురమ్మా! ఆయన్ను ఈ రోడ్డు మీదనే బేడీలేసి కొండబోతారు."

గురమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది. వెనకాల ఆడవాళ్లు చట్టులు కింద పెట్టేశారు.

కడిగేద్దామన్నాను. ఉన్న ఒక్క బావి అడుగంటి ఉంది. తాగడానికి దాచుకున్న నీళ్లు ఒకామె కడవతో తెచ్చి ఒక కుప్ప మీద పోసింది. సున్నం పోలేదు సరికదా, కిందికి కారి అడుగు రాళ్లు కూడా తెల్లబడ్డాయి. కడవలో నీళ్లు మాత్రం అయిపోయాయి.

"కుప్పలు చెదరగొట్టండి. తెల్ల రాళ్లు కిందికి పోతాయి" అన్నాను.

ఎవరూ కదల్లేదు. చెదిరిన కుప్పను కొలవరు. మళ్లీ చదరంగా పేర్చాలి, మళ్లీ మా ఆయన రోజుల కొద్దీ తిరగాలి. అంతవరకూ వాళ్ల ఇళ్లల్లో పొయ్యి వెలగదు. ఆ సంగతి నాకూ తెలుసు. తెలిసీ నేనే ఒక కుప్ప మీద చేతులు వేశాను. రాయి కోసుకుని వేలు చీలింది. గురమ్మ నా చేయి పట్టుకుని ఆపింది.

అప్పుడే ఓర్వకల్లు వైపు దుమ్ము లేచింది.

పారిపోదామా అంటే ఎక్కడికి? గురమ్మ తన చెంగుతో నా వేలికి కట్టు కడుతూ, "భయపడాకు టీచరమ్మా. మేము చూసుకుంటాము" అంది. ఏం చూసుకుంటారో అడిగేంత తెలివి నాకు ఆ క్షణాన లేదు.

జీపు వచ్చి ఆగింది. ముందు కూర్చున్న పెద్దమనిషి కమిటీ అధ్యక్షుడు. ఖద్దరు పంచె, కళ్లద్దాలు. వెనక ఇద్దరు సభ్యులు, కాగితాల కట్టతో ఒక సెక్రటరీ. వాళ్ల మధ్య ఇరుక్కుని మా ఆయన. దిగుతూనే ఆయన కుప్పల్ని చూశాడు. చూసి, నన్ను చూశాడు.

"సగమే కొలిచానని దారిలో చెప్పావే. ఇక్కడ అన్నిటికీ సున్నం ఉందేం?" అన్నాడు అధ్యక్షుడు. జీపులోంచి దిగలేదు.

మా ఆయన పెదవులు కదిలాయి. మాట రాలేదు.

అధ్యక్షుడు మా ఊరి మునసబు దేవేంద్రప్ప వైపు తిరిగాడు. దొరల మెళ్లో వేద్దామని దండ పట్టుకుని అప్పుడే వచ్చి నిలబడ్డాడు మునసబు. "సున్నం ఎవరు వేయించారు?"

"మాకేం తెలుస్తాది సామీ. కుప్పల సంగతంతా ఇన్‌స్పెక్టరప్పదే" అన్నాడు దేవేంద్రప్ప. రాత్రి సున్నం బస్తా తన పశువుల గాటిపాట నుంచి పంపిన మనిషి! అంత పెద్ద మీసం పెట్టుకుని అంత చిన్న నిజం చెప్పడానికి వణికాడు. నాకు ఒళ్లు మండిపోయింది. కానీ నోరెక్కువని పేరున్న నేను కూడా ఆ పూట నోరు మూసుకునే ఉన్నాను. మాట్లాడితే ఏది ఎక్కడికి పోయి తగులుతుందో అని భయం.

అధ్యక్షుడు ఆడవాళ్లను చూశాడు. "ఏమమ్మా, ఈ కుప్పలన్నిటికీ మీకు కూలి ముట్టిందా?"

గురమ్మ ముందుకు వచ్చింది. "ముట్టింది సామీ. అన్నిటికీ ముట్టింది."

"నిజంగా?"

"నిజంగానే. ఇన్‌స్పెక్టరప్ప మా చేతుల్లోనే పెట్టినాడు." వెనక అందరూ తలలూపారు. ముట్టింది, ముట్టింది అన్నారు. ఒకామె చంకలో బిడ్డ ఆకలికి చీర కొంగు చప్పరిస్తోంది. ఆమె కూడా ముట్టిందనే అంది.

"రాసుకోండి" అన్నాడు అధ్యక్షుడు సెక్రటరీతో.

నాకు ఊపిరి వచ్చింది. దేవునికి స్తోత్రం అనుకున్నాను. కూలి ముట్టిందని సర్కారు కాగితం మీద పడితే, ఆ కూలి ఇంక ఈ జన్మకు రాదు. వారాల తరబడి ఎండలో కొట్టిన రాయి అంతా ఉత్తదే అయిపోతుంది. అది నాకు అర్థం కాలేదా? అయింది. అయినా స్తోత్రమే అన్నాను. నా మొగుడు ఇంటికి వస్తే చాలు. ఏమనుకుంటారో అనుకోండి.

అప్పుడు మా ఆయన అన్నాడు, "లేదు సార్."

రాసుకుంటున్న సెక్రటరీ కలం పైకెత్తాడు.

"సగం కుప్పలు ఇంకా కొలవలేదు సార్. కూలి ఇవ్వలేదు. ఇవ్వాల."

అధ్యక్షుడు అప్పుడు దిగాడు జీపులోంచి. "సున్నం ఉంది. కూలి ముట్టిందని కూలివాళ్లే చెబుతున్నారు. నువ్వు మాత్రం ఇంకా ఇవ్వాలంటున్నావు. అంటే ఈ కుప్పల్ని మళ్లీ కొలిచి మళ్లీ బిల్లు పెడతావన్నమాట. ఒకే కుప్పకు రెండు బిల్లులు. ఇదేగా మేము మొన్న పట్టుకున్నది?"

గురమ్మ ఆయన్ను కాపాడదామని ఆడిన అబద్ధమే ఆయన మెడకు చుట్టుకుంది. ఆమెకూ అది తట్టింది. నోటికి చేయి అడ్డం పెట్టుకుంది.

అధ్యక్షుడు చెడ్డవాడు కాదు. ఆ మాట చెప్పాలి. గొంతు తగ్గించి మా ఆయనతో ఇలా అన్నాడు. "చూడవయ్యా. కూలివాళ్ల మాటే నిజమని నువ్వు ఒప్పుకుంటే, లెక్క సరిపోయిందని రాసుకుని వెళ్లిపోతాం. నీకే గొడవా ఉండదు. నీ మాటే నిజమంటే విచారణ పెట్టాల్సి వస్తుంది. విచారణ ఎటు పోతుందో నా చేతుల్లో ఉండదు. ఆలోచించి చెప్పు."

మా ఆయన నా వైపు చూశాడు. ఒప్పుకో అన్నట్టు నేను తల ఊపాను. ఒకసారి కాదు, ఊపుతూనే ఉన్నాను. చేతులు జోడించాను కూడా. మన పిల్లలు, మన పిల్లలు అని నోట్లోనే అన్నాను. ఆయన చూశాడు. చూడలేదని అనడానికి లేదు.

"కొలవలేదు సార్. కూలి ఇవ్వాల" అన్నాడు మళ్లీ.

గురమ్మ అధ్యక్షుడి కాళ్ల దగ్గర కూలబడింది. "నేనే అబద్ధమాడినా సామీ. ముట్టలేదు. ఆ సున్నం పొద్దున మేమే చల్లినాము. ఆయప్ప ఊళ్లో కూడా లేడు."

"ఇందాక ముట్టిందన్నావు. ఇప్పుడు ముట్టలేదంటున్నావు. ఈయన బెదిరించాడా నిన్ను?"

"ఆయప్ప బెదిరించేదేంది సామీ, కోడిని కూడా అదిలించడు. మాకు మీరంటే భయం."

ఆ పెద్దమనిషి ముఖం చిన్నబోయింది. "మేమేం చేశామమ్మా? మీ సొమ్ము ఎవరూ తినకుండా చూడటానికే వచ్చాం."

"మీరు ఏం చేస్తారో మాకు తెలీదు గదా సామీ. అందుకే భయం" అంది గురమ్మ.

ఆయన కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకున్నాడు. చివరికి, "కర్నూలు రావాలి. అక్కడ వాంగ్మూలం తీసుకుంటారు" అని మా ఆయనకు జీపు చూపించాడు. బేడీలు వేయలేదు. వేయకపోయినా నాకు వేసినట్టే కనపడింది. ఆయన ఎక్కాడు. గురమ్మ లేచి, సున్నపు చేతులు చీరకు తుడుచుకుని, జీపు కమ్మీ పట్టుకుంది. డ్రైవరు వదలమన్నాడు.

"అబద్ధమాడింది నేను. ఆయప్పను ఒక్కణ్నే కొండబోతే ఎట్లా?" అంది. పుట్టి బుద్ధెరిగాక బండి తప్ప మరొకటి ఎక్కిన మనిషి కాదు. కమ్మీ మాత్రం వదల్లేదు.

"ఎక్కించుకో" అన్నాడు అధ్యక్షుడు.

జీపు పోయింది. నేను దాని వెనకాల పరుగెత్తాను. ఎంత దూరం పరుగెత్తానో నాకు తెలియదు. ఆడవాళ్లు వచ్చి పట్టుకుని ఇంటికి తెచ్చారు.

ఆ రోజు వాళ్లిద్దరూ తిరిగి రాలేదు. మరుసటి రోజు పొద్దున నుంచీ బస్సు ఆగే చోటే కూర్చున్నాను. కర్నూలు నుంచి ఒక బస్సు వచ్చింది, ఎవరూ దిగలేదు. మధ్యాహ్నం మునసబు పెళ్లాం మహాదేవమ్మ గొడుగు కింద వచ్చి, మజ్జిగ చెంబు నా ముందు పెట్టి, మొగుడి మాట ఎత్తకుండా వెళ్లిపోయింది. నేను చెంబు తాకలేదు. ప్రతి దుమ్ముకీ లేచి నిలబడటం, మళ్లీ కూర్చోవడం. జైలుకు అన్నం పంపనిస్తారా లేదా, అడగడానికి ఎవరి దగ్గరికి పోవాలి, పిల్లలతో ఏమని చెప్పాలి, ఇవే ఆలోచనలు.

పొద్దు వాలాక ఇంకో బస్సు వచ్చింది. గురమ్మ దిగింది. ఆమె వెనక ఎవరూ దిగలేదు.

"ఆయన యాడ?" అని అరిచాను. నా అరుపుకు బస్సులో వాళ్లంతా తలలు బయట పెట్టారు. "ఆయన యాడ గురమ్మా?"

"వస్తాండాడు తల్లీ, వస్తాండాడు. కాళ్లు తిమ్మిర్లు ఎక్కినాయంట" అంది గురమ్మ.

ఆయన దిగాడు. ఉతికిన చొక్కా దుమ్ముకొట్టుకుపోయి ఉంది. నేను ఏడవలేదు. ఏడ్చే ఓపిక అయిపోయింది.

"వేరే ఇన్‌స్పెక్టరు వచ్చి కుప్పలు కొలుస్తాడంట. వీళ్ల కూలి వీళ్లకు ఇస్తారంట. గురమ్మే చెప్పింది డేరాలో, అంతమంది ముందర" అన్నాడు.

"మరి నువ్వు?"

"నా తప్పేమీ లేదని రాసినారు. కానీ వచ్చే నెల కాగితం రాదంట. ఇంత రచ్చ అయినాక నన్ను పెట్టుకోవాలంటే మా పైవాళ్లకు భయం."

అప్పుడు వచ్చింది నాకు కోపం. రెండు రోజులుగా లోపల దాచిన నోరంతా తెరిచాను. ఇంటి దారి పొడవునా తిట్టాను. సర్కారును తిట్టాను, మునసబును తిట్టాను, సున్నాన్ని తిట్టాను, అన్నిటికన్నా ఎక్కువ ఆయన్ను తిట్టాను.

"నేను సైగ చేసినా గదా! చూడలేదా?"

"చూసినా."

"చూసి కూడా ఏంటికి చెప్పినావు? నీకు భయం కాలేదా?"

ఆయన రోడ్డు మధ్యలో ఆగి రెండు చేతులూ నా ముందు చాపాడు. వేళ్లు వణుకుతున్నాయి. "చెప్పేటప్పుడూ ఇట్లే ఉండాయి జ్ఞానమణీ" అన్నాడు.

ఆ చేతులు రెండూ పట్టుకున్నాను. ఇల్లు చేరేదాకా వదల్లేదు. ఇల్లు చేరాక కూడా అవి వణుకుతూనే ఉన్నాయి.